వ్రాత ఒకరిది, చేవ్రాలు ఒకరిది



చదువు పూర్తికాకముందే కలం పట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునే విద్యార్థులు ఇప్పుడు మన విచారణల్లో కూడా కనిపిస్తున్నారు. వారు ఎవరి దగ్గరా ఉద్యోగంలో చేరరు. ఎవరికి ఏ వ్రాత కావాలో తెలుసుకుని, ఇంట్లోనో హాస్టల్లోనో కూర్చుని వ్రాసి పంపుతారు. మాటకు ఇంత అనో, పేజీకి ఇంత అనో డబ్బు తీసుకుంటారు. దీన్నే ఫ్రీలాన్స్ రచన అంటున్నారు. బడి కరపత్రం, దుకాణం ప్రకటన, ఇంగ్లీషు వ్యాసానికి తెలుగు అనువాదం, వీడియోకు మాటలు, జూబిలీ సంచికకు విచారణ చరిత్ర, ఇలా భాష బాగా వచ్చిన పిల్లలకు చేతినిండా పని దొరుకుతోంది. ఒక ఫోను, ఒక బ్యాంకు ఖాతా ఉంటే చాలు, వ్యాపారం మొదలైనట్టే.

ఇలాంటి పని చేస్తానని కొడుకో కూతురో అడిగినప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. చదువు పాడవుతుందా? ఎంత వస్తుంది? రెండూ వేయవలసిన ప్రశ్నలే. కాని మూడవ ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని అడిగేవారు తక్కువ. నీవు అమ్ముతున్నది ఏమిటి? బియ్యం అమ్మేవాడిని ఈ ప్రశ్న అడగనక్కరలేదు. మాటలు అమ్మేవాడిని అడగాలి. ఎందుకంటే మాటలతోపాటు కొన్నిసార్లు మరొకటి కూడా చేతులు మారుతుంది. అదేమిటో ఈ వారం కలిసి ఆలోచిద్దాం.

కూలికి వ్రాయడం తప్పా?

దేవుడిచ్చిన వరాన్ని డబ్బుకు అమ్మవచ్చా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. ముందు ఆ సందేహం తీర్చుకుందాం. పునీత పౌలు కొరింతులో అక్విలా, ప్రిస్కిల్లా దంపతుల ఇంట ఉండి వారితో కలిసి డేరాలు కుట్టారని అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతోంది. చేతిపని చేసి బ్రతకడం ఆయనకు చిన్నతనంగా తోచలేదు. పనిచేసినవాడికి కూలి దక్కాలన్నది ప్రభువే శిష్యులకు నేర్పిన మాట. 1891లో పదమూడవ లియో పాపుగారు 'రేరుం నోవారుం' లేఖలో కార్మికుడికి న్యాయమైన వేతనం కావాలని వాదించారు. 1981లో రెండవ జాన్ పాల్ పాపుగారు 'లాబోరెం ఎక్సర్సెన్స్' లేఖలో చేతులతో చేసేదే కాదు, బుద్ధితో చేసేదీ పనేనని స్పష్టం చేశారు. కాబట్టి మగ్గం నేసేవారి చెమటకు ఉన్న గౌరవం, రాత్రి కూర్చుని అనువాదం చేసే పిల్లవాడి శ్రమకూ ఉంది.

వ్రాతను నమ్ముకున్న పునీతులు కూడా మనకు ఉన్నారు. పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ యువగురువుగా 1594లో షాబ్లే ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆయన ప్రసంగం వినడానికి జనం రాలేదు. అప్పుడాయన చెప్పదలచుకున్నది కాగితం మీద పెట్టి, ప్రతులు తీయించి ఇళ్లకు చేరవేశారు. 1923లో పదకొండవ పయస్ పాపుగారు ఆయనను రచయితలకు, పత్రికా రచయితలకు పాలకపునీతునిగా ప్రకటించారు. ఇక ఫ్రెడరిక్ ఓజనామ్ ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1831లో, 18 ఏళ్ల ప్రాయంలోనే, సెయింట్ సైమన్ అనుచరుల సిద్ధాంతాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం వ్రాశాడు. లా చదవడానికి పారిస్ వెళ్లింది ఆ తరువాతే. అంటే విద్యార్థి వయసు కలం పట్టడానికి చిన్న వయసేమీ కాదు.

మరొకరి కోసం వ్రాయడం

సరే, సొంత పేరుతో వ్రాయడం మంచిదే. ఫ్రీలాన్స్ పనిలో మాత్రం ఎక్కువ భాగం మరొకరి పేరుతో వెళ్లే వ్రాతే. ఇది అబద్ధమాడటం కాదా?

అన్ని వేళలా కాదు. ప్రవక్త యిర్మీయా చెబుతుండగా బారూకు వ్రాశాడు. ఆ చుట్టను విన్న అధికారులు ఇది ఎలా వ్రాశావని అడిగితే, ప్రవక్త నోటితో చెప్పాడు, నేను సిరాతో వ్రాశానని దాపరికం లేకుండా జవాబిచ్చాడు. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ నిజానికి తెర్తియు అనే అతని చేతివ్రాత. 16వ అధ్యాయంలో తెర్తియు తానే ముందుకు వచ్చి, ఈ లేఖ వ్రాసింది నేనంటూ రోములోని విశ్వాసులకు వందనాలు తెలుపుతాడు. గలతీయులకు వ్రాసిన లేఖ చివర మాత్రం పౌలు తానే కలం అందుకుని, చూడండి ఎంత పెద్ద అక్షరాలతో నా చేత్తో వ్రాస్తున్నానో అన్నట్టు గుర్తు పెడతాడు.

మన ఊళ్లలో ఇది కొత్త సంగతి కాదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని చూడండి. పొలం అమ్మేవాడికి వ్రాత రాకపోవచ్చు. హద్దులు, సర్వే నెంబరు, పైకం సంగతి అతడు చెబుతాడు, లేఖరి పద్ధతి ప్రకారం వ్రాస్తాడు. అమ్మేవాడు చేవ్రాలు చేస్తాడు, లేదా వేలిముద్ర వేస్తాడు. సాక్షులు సంతకం పెడతారు. అన్నిటికీ కింద దస్తూరి ఫలానావారిది అని లేఖరి పేరు కూడా ఉంటుంది. వ్రాత ఒకరిది, చేవ్రాలు మరొకరిది. అందులో మోసం లేదు. ఎందుకంటే పొలం అమ్ముతున్నానన్న మాట నిజంగా చేవ్రాలు చేసినవాడిదే. లేఖరి అమ్మింది తన నేర్పును, తన కాలాన్ని. సాక్ష్యం మాత్రం ఎవరిది వారిదే.

ఇక్కడే మనకు కొలబద్ద దొరుకుతోంది. కొన్ని వ్రాతల్లో పేరుకు పెద్ద పని ఉండదు. దుకాణం ప్రకటనను యజమానే వ్రాసి ఉంటాడని ఎవరూ అనుకోరు. సభలో పెద్దలు చదివే ప్రసంగాన్ని ఇంకెవరో తయారుచేసి ఉండవచ్చని వినేవారికి తెలుసు. కొన్ని వ్రాతల్లో మాత్రం పేరే అసలు సరుకు. పరీక్ష జవాబు, ప్రాజెక్టు రిపోర్టు, పరిశోధన గ్రంథం అలాంటివి. విదేశీ విశ్వవిద్యాలయానికి పంపే ఉద్దేశ పత్రమూ అలాంటిదే. నేను ఫలానా, నాకు ఇది తెలుసు, ఇది నేను చేశాను అని అక్కడ పేరు సాక్ష్యం చెబుతుంది. ఎవరు వ్రాశారో తరువాత తెలిస్తే చదివినవాడు నేను మోసపోయానని అనుకుంటాడా? అనుకునేటట్టయితే, అమ్ముడుపోయింది వ్రాత ఒక్కటే కాదు, అబద్ధ సాక్ష్యం కూడా. దాన్ని ఎనిమిదవ దైవాజ్ఞ నిషేధిస్తోంది.

పవిత్ర గ్రంథంలో ఇందుకు ఒక బాధాకరమైన ఉదాహరణ ఉంది. చూపు మందగించిన ఇస్సాకు ముందుకు యాకోబు అన్న బట్టలు కట్టుకుని, చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకుని వస్తాడు. గొంతు ఒకరిది, చేతులు మరొకరివని తండ్రికి అనుమానం వస్తుంది. అయినా చేతులు తడిమి చూసి నమ్ముతాడు. ఆ పని ఒక్కడు చేసింది కాదు. బట్టలు తొడిగిన చేయి వేరే ఉంది. డబ్బు తీసుకుని మరొకడి ప్రాజెక్టు రిపోర్టు వ్రాసిపెట్టేవాడు ఆ బట్టలు తొడిగే చేయిలాంటివాడే. గురువు చేతికి మాత్రం తోలు తగులుతుంది.

ఫీజు గడువు దగ్గరపడినప్పుడు

చెప్పడానికి ఇది సులువే. ఆచరించవలసినవారి స్థితి చూద్దాం. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. తండ్రికి పని సరిగా దొరకడం లేదు. ఫీజు కట్టవలసిన గడువు దగ్గరపడింది. కరపత్రాలు, అనువాదాలు వ్రాసి ఆమె కొద్దికొద్దిగా కూడబెడుతోంది. అంతలో ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు ఒకడు వచ్చి, నా రిపోర్టు మొత్తం వ్రాసిపెట్టు, ఫీజుకు సరిపడా ఇస్తానంటాడు. ఆ అమ్మాయి మనసులో మెదిలే మాటలు మనకు తెలియనివి కావు.

నేను వ్రాసి ఇస్తాను, దాన్ని ఏం చేసుకుంటాడో అతని ఇష్టం అనుకోవచ్చు. కత్తి అమ్మేవాడు కొన్నవాడి మనసులోకి తొంగిచూడనక్కరలేదు, నిజమే. కాని ఈ కత్తికి మరో ఉపయోగం లేదు. కుర్రవాడి పేరు, హాల్ టికెట్ నెంబరు, కళాశాల పేరు మొదటి పేజీలో వేసి మరీ ఇస్తున్నాం. తెలిసి సహకరించినప్పుడు ఇతరుల పాపానికి మనమూ బాధ్యులమని శ్రీసభ సత్యోపదేశం 1868వ అంశంలో చెబుతోంది.

నేను కాకపోతే ఇంకొకరు వ్రాస్తారు అనుకోవచ్చు. వ్రాయవచ్చు. అయితే దేవుడు మనల్ని అడిగేది మన చేతి సంగతి. ఊరంతా పొలం గట్టు జరుపుకుంటున్నారని మనమూ జరిపితే గట్టు నిజమైపోదు.

ఇందులో నష్టపోయేది ఎవరు అనుకోవచ్చు. మొదట నష్టపోయేది ఆ కుర్రవాడే. నేర్చుకోవలసినది నేర్చుకోకుండా పట్టా చేతికి వస్తుంది. తరువాత అదే తరగతిలో రాత్రులు మేలుకుని తన రిపోర్టు తాను వ్రాసుకున్న పేదపిల్లవాడు నష్టపోతాడు. రేపు ఇద్దరూ ఒకే ఉద్యోగానికి వెళ్లినప్పుడు కాగితం మీద ఇద్దరూ సమానమే. పట్టణాల్లో ప్రాజెక్టులు తయారుచేసి అమ్మే దుకాణాలు ఉన్నాయని అందరికీ తెలుసు. అందుకే నిజాయితీగా చదివిన పిల్లల పట్టాను సైతం జనం అనుమానంగా చూస్తున్నారు.

చట్టం పట్టుకోదా అంటారేమో. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పరిశోధన గ్రంథంలో ఇతరుల వ్రాతతో పోలిక 10 శాతం దాటితే చర్య మొదలవుతుంది, 60 శాతం దాటితే ఆ విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. కాని ఆ తక్కెడ తూచేది పోలికను మాత్రమే. కూలికి కొత్తగా వ్రాయించినది దేనితోనూ పోలదు కాబట్టి తక్కెడకు దొరకదు. అక్కడ కాపలా ఉండగలిగింది మనస్సాక్షి ఒక్కటే.

అయితే ఆ అమ్మాయి ఆ కుర్రవాణ్ణి ఉత్తచేతులతో పంపివేయాలా? అక్కరలేదు. నీ ప్రాజెక్టు సంగతులు నాకు చెప్పు, ఎలా వ్రాయాలో నేర్పుతాను, నీవు వ్రాసిన దానిలో భాషా దోషాలు చూపిస్తాను, ఆ శ్రమకు ఇంత ఇవ్వు అనవచ్చు. అది ట్యూషన్ చెప్పడం వంటిది. ఉద్దేశ పత్రానికీ ఇదే మార్గం. అడిగి, విని, అతని మాటనే తిన్నగా పెట్టడానికి సాయపడటం దస్తూరి. లేని అనుభవాన్ని, లేని ఆశయాన్ని కల్పించి పెట్టడం కూట సాక్ష్యం. చూడని కోచింగ్ సెంటర్ గురించి, తినని హోటల్ భోజనం గురించి నాకు బాగా నచ్చింది అని పది పేర్లతో వ్రాసి ఇవ్వడమూ ఈ కోవలోదే.

ఇప్పుడు యంత్రం కూడా అడిగిన వ్రాతను క్షణాల్లో ఇస్తోంది. ఆ వ్రాతను నేనే వ్రాశానని చెప్పి పూర్తి కూలి తీసుకునే విద్యార్థికీ మన కొలబద్ద వర్తిస్తుంది. తెలిస్తే కొన్నవాడు మోసపోయానని అనుకుంటాడా? అనుకుంటే ముందే చెప్పాలి. కృత్రిమ మేధ గురించి 2025 జనవరిలో వాటికన్ విడుదల చేసిన 'అంతిక్వా ఎత్ నోవా' పత్రం కూడా బాధ్యతను యంత్రం మీదికి నెట్టనివ్వదు, మనిషి మీదే ఉంచుతుంది.

విత్తనాల వడ్లు

పిల్లలకు మరొక హెచ్చరిక. మత్తయి 25వ అధ్యాయంలో యజమాని ఇచ్చిన సొమ్ముతో వ్యాపారం చేసినవారిని ప్రభువు మెచ్చుకున్నారు, పాతిపెట్టినవాడిని మందలించారు. కనుక ప్రతిభను పాతిపెట్టవద్దు. కాని విద్యార్థి దశ నాట్లకు ముందు కాలం వంటిది. ఇంట్లో ఉన్న విత్తనాల వడ్లు దంచుకు తింటే ఈ పూట గడుస్తుంది, పొలం బీడు పడుతుంది. వచ్చిన ప్రతి పనీ ఒప్పుకుని, తరగతికి నిద్రమొహంతో వెళ్లి, చదవవలసిన పుస్తకం చదవకుండా వ్రాస్తూ పోతే, రెండేళ్లలో వ్రాయడానికి లోపల ఏమీ మిగలదు. వారానికి ఇన్ని గంటలే అని గీత గీసుకోండి. ఆదివారం దివ్యబలిపూజను, ఇంటివారితో కలిసి తినే భోజనాన్ని ఆ గీతకు అవతల ఉంచండి.

పని ఇచ్చేవారి మాటేమిటి?

ఇంతవరకు వ్రాసేవారి బాధ్యత చూశాం. వ్రాయించుకునేవారి బాధ్యత అంతకంటే తక్కువది కాదు. కూలివాని కూలిని తెల్లవారేదాకా అట్టిపెట్టుకోవద్దని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. చేను కోసినవారికి ఎగ్గొట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని పునీత యాకోబు లేఖ హెచ్చరిస్తోంది. పొలం కూలీ విషయంలో భయపడే మనం వ్రాత కూలీ విషయంలో భయపడం. మన పిల్లే కదా, నాలుగు పేజీలే కదా అంటాం. పెళ్లి పుస్తకం, విద్యాసంస్థ కరపత్రం, ఒక్కోసారి జూబిలీ సంచిక కూడా ఇలాగే వ్రాయించుకుంటాం. ముద్రించినవాడికి డబ్బు ఇస్తాం, షామియానా వేసినవాడికి ఇస్తాం, వ్రాసిన పిల్లకు శాలువా కప్పుతాం. సేవగా చేస్తానని తానే అంటే అది కానుక. అనే అవకాశం ఇవ్వకుండా మనమే సేవ అని పేరు పెడితే అది ఎగవేతే.

చట్టం కూడా వ్రాసేవాడి పక్షాన కొంత నిలబడుతుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా వ్రాసినవాడే సాధారణంగా ఆ రచనకు మొదటి హక్కుదారు. ఆ హక్కు మరొకరికి వెళ్లాలంటే వ్రాతపూర్వకంగా సంతకంతో ఇవ్వాలి. ఎంతకాలమో వ్రాసుకోకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. హక్కు అమ్ముకున్నాక కూడా, రచన నాదని చెప్పుకునే అధికారం రచయితకు ఉంటుంది. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు కనుక, ఇంటర్ చదివే పిల్లల తరఫున తల్లిదండ్రులు పూనుకోవాలి. పని ఏమిటి, ఎన్ని పేజీలు, ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నది ఒక కాగితం మీద పెట్టుకుంటే స్నేహాలు కూడా చెడవు.

వద్దనే హక్కు ఎవరిది?

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఇంత తెచ్చారని సంతోషించి ఊరుకోకండి. ఏమి వ్రాశారో ఒకసారి చదివి వినిపించమనండి. చదివి వినిపించడానికి సిగ్గుపడే వ్రాత ఉందంటే అక్కడ మాట్లాడవలసింది ఉందన్నమాట. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. ఇది ఎవరి పేరుతో వెళుతుంది, ఎవరు చదువుతారు అని అడగడానికి చదువు అక్కరలేదు.

చివరగా మనందరికీ సంబంధించిన మాట. ఆ అమ్మాయి మన మాట విని రిపోర్టు వ్రాయనని చెప్పిందనుకోండి. ఆమె మనస్సాక్షి నిలిచింది. ఫీజు మాత్రం అలాగే ఉంది, గడువూ అలాగే ఉంది. తప్పు అని చెప్పి మనం ఇంటికి వెళ్లిపోతే, ధర్మం మనది, దాని ఖర్చు ఆమెది అవుతుంది. ఇది న్యాయం కాదు. వద్దు అని చెప్పే హక్కు, ఆ వద్దు వల్ల వచ్చే భారంలో పాలు పంచుకునేవారికే ఉంటుంది.

ఇందాక చెప్పుకున్న ఓజనామ్ పారిస్ చేరాక ఇలాంటి నిలదీతే ఎదుర్కొన్నాడు. మీ శ్రీసభ పేదలకు ఇప్పుడేం చేస్తోందని తోటి యువకులు అడిగారు. అతడు వాదనతో ఆగలేదు. 1833లో కొద్దిమంది మిత్రులతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటికి అతని వయసు 20. మన విచారణల్లో పనిచేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘానికి అదే ఆరంభం. 1997లో రెండవ జాన్ పాల్ పాపుగారు పారిస్‌లోనే అతన్ని ధన్యునిగా ప్రకటించారు. అతని కలమూ అతని చేతులూ ఒకే మాట చెప్పాయి.

మనమూ అలా చేయవచ్చు. మన విచారణలో వ్రాయగల పిల్లలెవరో గుర్తుపెట్టుకుందాం. సంచికలు, అనువాదాలు, దరఖాస్తులు వచ్చినప్పుడు ముందు వారిని పిలుద్దాం, పని చెప్పిన రోజే కూలి కూడా చెబుదాం. ఫీజు కట్టలేక చెడ్డపనికి తలవంచే స్థితిలో ఎవరైనా ఉన్నారని తెలిస్తే, పదిమందికి తెలియకుండా సంఘం ద్వారానో, విచారణ గురువుల ద్వారానో అందుకుందాం. అప్పుడు ఆ పిల్లలు నిశ్చింతగా కలం పడతారు. తాము వ్రాసిన ప్రతి కాగితం కింద దస్తూరి అని తమ పేరు వేసుకోగలుగుతారు.

జనవరి 24 పునీత ఫ్రాన్సిస్ డి సాల్స్ పండుగ. కలం పట్టిన మన పిల్లల కొరకు, వారికి కూలి చెల్లించవలసిన మన కొరకు ఆ పునీతుడు దేవుని ప్రార్థించును గాక.